అవ్వ కడియంలో రాణి తల

పాత వెండి మీద ముద్రలు చదవడం పెద్ద విద్యే. ఇంగ్లండు సరుకైతే నడిచే సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించింది, లంగరుంటే బర్మింగ్‌హామ్‌ది. పక్కనుండే ఒక్క అక్షరాన్ని బట్టి ఏ ఏటిదో చెప్పేయొచ్చు. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినందుకు గుర్తుగా రాజుదో రాణిదో తల కూడా గుద్దేవారు. ఇదంతా బెంగళూరులో నేర్చుకుని మా చిన్నాయన కొడుకు భూతద్దంతో కళ్యాణదుర్గం పక్క మా ఊళ్లో దిగాడు. గురి అవ్వ కాలి కడియాల మీద.

“అవ్వా, దీనిమీద చిరుతపులి ఉండాల.”

“పులి గుట్టమీద ఉంటాది గానీ కడియం మీద యాడుంటాదిరా?”

సింహం లేదు, లంగరూ లేదు. సముద్రం మొహం చూడని జిల్లాకు లంగరెందుకంటారా? బర్మింగ్‌హామ్‌కూ సముద్రం లేదు, అదో ఊరట. రాణి తల మాత్రం ఉంది, కాకపోతే లోపల. మా పక్క కంసాలులు విక్టోరియా రూపాయలనే మూసలో కరిగించేవారు. ఒక్కోటి 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. అందుకే పాతవాళ్లు కడియం బరువు రూపాయల ఎత్తున చెప్పేవారు. 1876–78 ధాత కరువులో కథ తిరగబడింది. జనం అమ్ముకున్న నగలు బొంబాయి టంకశాలకు చేరి మళ్లీ రూపాయలయ్యాయి. 1940లో సర్కారు రూపాయిలో వెండిని సగానికి దించింది. 1947 రూపాయి ఉత్త నికెల్. రాగి కలిపాడని కంసాలిని తిట్టని ఇల్లు లేదు. సర్కారు కలిపినదాన్ని తిట్టినవాళ్లు నాకింకా తగల్లేదు.

ఎట్టకేలకు భూతద్దం కింద గీతలు దొరికాయి. “చేసినోడి ముద్ర!” అని ఎగిరాడు తమ్ముడు.

“ఆకురాయి గీతరా అది. లోపల రాగి ఉందేమోనని తాకట్టు షావుకారు గీరినాడు. ఇది సెనక్కాయ ఎండిన ఏడు. ఇది బోరు ఎండిన ఏడు. ఇదుగో, ఇది మీ నాయన పెండ్లి. ఆ ఏడు వాన బాగానే పడింది, అయినా పోయింది.”

నిజానికి షావుకారు పద్ధతి లండన్ పద్ధతే. వాళ్లూ ముందు కాస్త గీరే పరీక్షించేవారు. గీరాక వాళ్లు ముద్ర వేస్తారు, మా షావుకారు వడ్డీ వేస్తాడు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ లెక్కల్లో పడే జిల్లాలో ఏడాదికో అక్షరం వెతకడమెందుకు? గీతలు లెక్కపెడితే చాలు.

తమ్ముడు వదల్లేదు. “ఇప్పుడు మనకూ ఉందవ్వా. 2025 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్లు వెండి నగకూ ఆరక్షరాల నంబరు వేస్తున్నారు. తప్పనిసరేం కాదనుకో. ఫోన్‌లో కొడితే ఎంత స్వచ్ఛమో చెప్పేస్తుంది.”

“ఆ నంబరుంటే షావుకారు అప్పు ఎక్కువిస్తాడా?”

“అప్పు సంగతి కాదవ్వా, కల్తీ లేదని తెలుస్తుంది.”

“అట్లయితే ముందు వానకు వేయించు నాయనా. అదే ఏటేటా కల్తీ వస్తా ఉంది.”