నేనెవరికి పలుకుతున్నానో చూడండి: ఒక నెక్‌బ్యాండ్ ఆత్మకథ

నేనొక నెక్‌బ్యాండ్‌ను. మెడలో వేసుకునే నల్లటి పట్టీ, దాని రెండు కొసల నుంచి వేలాడే ఇయర్‌బడ్లు, కుడివైపు మూడు బటన్లు, వాటి పక్కన చిన్న లైటు. ఇంతే నా రూపం. గురజాల దగ్గరి ఒక పల్లెలో మిర్చి రైతు ఇంట్లో ఉంటాను. ఆ ఇంట్లో నన్ను ఎవరూ నెక్‌బ్యాండ్ అనరు. "నా బ్లూటూత్ యాడ పెట్టావే?" అంటారు. పలికినన్నాళ్ళూ మెడలో వేసుకుని తిరుగుతారు. పలకని రోజున "ఇది పోయింది" అనేసి గూట్లో పడేస్తారు. నిజానికి నాలో ఏదీ పోలేదు. నేనెందుకు పలుకుతానో, ఎందుకు పలకనో చెప్పడానికే ఈ కథ.

మా వంశం 1994లో మొదలైంది. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఎరిక్సన్ ఇంజనీర్లు ఫోన్‌కూ దాని పక్క పరికరాలకూ మధ్య తీగ లేకుండా చేయాలని పనికి పూనుకున్నారు. వారిలో ముఖ్యుడు యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీరు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి ఒక సంఘం పెట్టుకుని, ఎవరు తయారు చేసిన వస్తువైనా మరొకరి వస్తువుతో మాట్లాడగలిగేలా ఒకే పద్ధతి ఖాయం చేశాయి. 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరే దానికి పెట్టారు. ఆ ఒప్పందమే లేకపోతే, ఏ కంపెనీ ఫోన్ కొంటే ఆ కంపెనీ ఇయర్‌ఫోన్లే కొనాల్సి వచ్చేది. పల్నాడు రైతు చేతిలోని చవక ఫోన్‌కు నేను పలుకుతున్నానంటే అది ఆ ఒప్పందం పుణ్యమే.

మా మాటలన్నీ రేడియో తరంగాల మీదే నడుస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీ పట్టీ మాది. వైఫై కూడా అక్కడే తిరుగుతుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే పనిచేస్తుంది. తక్కువ శక్తితో నడిచే పరికరాలకు ఈ పట్టీలో లైసెన్సు అక్కర్లేదని మన ప్రభుత్వం 2005లో నిబంధనలు తెచ్చింది. లైసెన్సు లేని చోట రద్దీ ఎక్కువ. అందుకే ఫోనూ నేనూ ఒకచోట నిలబడి మాట్లాడుకోం. ఆ పట్టీని 79 గళ్ళుగా చేసుకుని, తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలా ఒక గడిలోంచి మరో గడిలోకి సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాట్లాడుకుంటాం. ఏ గడి తర్వాత ఏ గడి అన్నది మా ఇద్దరికీ ముందే తెలుసు. ఇలా గెంతుతూ పంపే సంకేతాన్ని శత్రువు అడ్డుకోలేడని 1942లోనే హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ టార్పెడోల కోసం పేటెంట్ తీసుకున్నారు. యుద్ధం కోసం పుట్టిన ఆలోచన ఇవాళ పాట వినడానికి పనికొస్తోంది.

నా సొంత కథ నరసరావుపేటలో, మల్లమ్మ సెంటర్ దగ్గరి ఒక సెల్ షాపులో మొదలైంది. పురుగుమందుల కోసం ఊళ్ళోకి వచ్చిన రైతు నన్ను బేరమాడి కొన్నాడు. "ఇక్కడే కలిపి ఇయ్యి అబ్బాయ్, ఇంటికాడ నాకు రాదు" అన్నాడు.

"అట్టాగే బాబాయ్. ముందు నీ ఫోన్లో బ్లూటూత్ ఆన్ చెయ్యి" అంటూ షాపు కుర్రాడు నా మధ్య బటన్ నొక్కి పట్టుకున్నాడు. మామూలుగా నీలం రంగులో వెలిగే నా లైటు ఎరుపు, నీలం మార్చి మార్చి వెలగడం మొదలుపెట్టింది. నేను కొత్తవాళ్ళతో కలవడానికి సిద్ధంగా ఉన్నానని దాని అర్థం. ఆ లైటు అలా మారకుండా ఫోన్‌లో ఎంత వెతికినా నా పేరు కనపడదు. ఫోన్ చుట్టుపక్కల ఎవరున్నారని అడిగింది. నేను నా అడ్రసు చెప్పాను. ప్రతి బ్లూటూత్ వస్తువుకూ 48 బిట్ల అడ్రసు ఒకటి ఉంటుంది. స్క్రీన్ మీద నా పేరుతో పాటు షాపులోని స్పీకర్ పేరు, పక్క టీకొట్టు టీవీ పేరు కూడా వచ్చాయి.

"దేని మీద నొక్కాల?"

"పెట్టె మీద ఏం పేరుందో చూడు బాబాయ్, దాని మీదే."

నొక్కాడు. "పిన్ను అడగలేదేంది?" అని అనుమానపడ్డాడు. పాతకాలపు హెడ్‌సెట్లు నాలుగు సున్నాలు కొట్టమనేవి. 2007లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి నాలాంటివాటికి ఆ అవసరం పోయింది. ఫోనూ నేనూ చెరోవైపు లెక్క కట్టుకుని 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటి తయారు చేసుకున్నాం. ఆ సంఖ్య గాల్లో ప్రయాణించదు. ఆయన ఫోన్‌లో ఒక నకలు, నా జ్ఞాపకంలో ఒక నకలు ఉండిపోయాయి. పెయిరింగ్ అంటే ఇదే. ఇది ఒక్కసారి జరిగే పని. ఆ తర్వాత రోజూ జరిగేది కనెక్ట్ కావడం. నన్ను ఆన్ చేయగానే, కిందటిసారి నాతో ఉన్న ఫోన్‌ను వెతుక్కుంటాను. ఆ సంఖ్య సరిపోతే చాలు, ఎవరూ ఏమీ నొక్కకుండానే కలిసిపోతాం. ఈ రెండు పనులకూ తేడా తెలిసిన ఇంట్లో నాలాంటివాళ్ళకు ఆయుష్షు ఎక్కువ.

మిర్చి కోతల కాలమంతా ఆయన మెడలోనే గడిపాను. చేలో కూలీలు, కల్లంలో ఎండబోసిన కాయలు, మధ్యలో ఫోన్లు. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు నేనే ఆయనకు చేయి. ఒక సంగతి ఆయన త్వరగానే కనిపెట్టాడు. ఫోన్ చొక్కా జేబులో ఉంటే నేను చక్కగా పలుకుతాను. ప్యాంటు వెనక జేబులో పెట్టి వంగి పనిచేస్తే మాట తెగుతుంది. మనిషి ఒంట్లో నీరెక్కువ. నా తరంగాలను నీరు పీల్చుకుంటుంది. ఫోన్‌ను గట్టు మీద వదిలి చేలోకి దిగితే పది మీటర్ల వరకే నా హద్దు. ఇంట్లో మందపాటి రాతి గోడ అడ్డొస్తే ఆ పది మీటర్లు కూడా ఉండవు.

పాట వింటున్నప్పుడు నిండుగా ఉండే గొంతు, కాల్ రాగానే సన్నబడుతుందని ఆయన కూతురు గమనించింది. పాటకు ఫోన్ నుంచి నాకు ఒకవైపే దారి. కాల్‌కు వినపడాలి, మాట్లాడాలి కూడా. ఉన్న ఇరుకు దారిలోనే రెండువైపులా నడవాలి కాబట్టి ధ్వని తగ్గుతుంది. అది జబ్బు కాదు.

ఇంట్లో నన్ను అందరికంటే ప్రేమించింది తాత. కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వయసులో ఉండగా తాత ఏటా నాగులేటి ఒడ్డుకు నడిచిపోయేవాడట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఆ వీరుల కథను పాడే వీరవిద్యవంతుల పాటను మనవరాలు వీడియోల్లో వెతికి తాత ఫోన్‌లో పెట్టింది. నన్ను ఆ ఫోన్‌కు జత చేసింది. ఆ వీరుల్లో ఒకడైన బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం వస్తే తాత పెదవులు కదిలేవి. పాడేవాడి కంటే ముందే ఆయన తర్వాతి మాట అందుకునేవాడు. వినికిడి తగ్గిందని సౌండు చివరిదాకా పెట్టేవాడు. "అంత వద్దు తాతా, ఉన్న చెవులు కూడా పోతాయి" అని మనవరాలు తగ్గించేది. ఆ పిల్ల చెప్పింది నిజం. పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినేటట్టయితే 80 డెసిబెళ్ళు దాటకూడదని, పిల్లలకు 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హద్దు చెప్పింది.

రాత్రిపూట పిల్ల ఇంటర్ పరీక్షలకు చదువుకోవాలి, తాత టీవీ చూడాలి. అందుకని నన్ను టీవీకీ జత చేశారు. ఆ తర్వాత పిల్ల ఫోన్‌కూ చేశారు. ఇలా జత కట్టిన పరికరాలను నాలాంటివాళ్ళలో చాలామంది ఎనిమిది దాకా గుర్తు పెట్టుకుంటారు. గుర్తుండటం వేరు, పలకడం వేరు. ఒకేసారి ఇద్దరితో కలిసి ఉండే విద్య నా తర్వాత వచ్చిన చాలావాటికి ఉంది. నాకు లేదు. నేను ఒక సమయంలో ఒక్కరికే పలుకుతాను.

ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే పుట్టాయి. తెల్లవారుజామున రైతు నన్ను మెడలో వేసుకుని ఆన్ చేసేవాడు. రాత్రి చివరగా తాత ఫోన్‌తో ఉన్నాను కాబట్టి ముందు దాన్నే వెతికేదాన్ని. పక్క గదిలో తాత తలగడ కింద ఆ ఫోన్ బ్లూటూత్ ఆన్‌లోనే ఉండేది. దాంతో కలిసిపోయేదాన్ని. ఈయన ఫోన్ ఎంత పిలిచినా నాకు తీరిక లేదు. "ఇదేందే, నిన్నటిదాకా బాగానే పలికిందిగా" అని ఆయన నన్ను అరచేతిలో వేసి తట్టేవాడు. తాత ఫోన్‌లో బ్లూటూత్ ఆపితే చాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. నా ఇయర్‌బడ్ల వెనక అయస్కాంతాలు ఉన్నాయి. రెండూ అతుక్కుంటే ఆగిపోతాను, విడిపోతే ఆన్ అవుతాను. చేను నుంచి వచ్చి ఆయన నన్ను గోడకున్న మేకుకు తగిలించాడు. జారిన అదురుకు బడ్లు విడిపోయాయి. వెంటనే ఆన్ అయ్యాను. వసారాలో ఛార్జింగ్‌లో ఉన్న ఆయన ఫోన్‌తో కలిశాను. అప్పుడే గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ కొట్టు నుంచి కాల్ వచ్చింది. ఆయన పంపిన టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఆ రోజు ఏ ధర పలికిందో చెప్పే కాల్ అది. ఆయన ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. ఏమీ వినపడలేదు. "హలో, హలో, ఇనపడతాందా?" అని అరిచాడు. అవతలి మనిషి ధర చెబుతూనే ఉన్నాడు. ఆ మాట లోపలి గదిలో, మేకుకు వేలాడుతున్న నా బడ్లలోంచి వస్తోంది. వినేవాళ్ళెవరూ లేరు. కాల్ కట్ చేసి మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. "ఫోన్ పోయింది" అని తేల్చేశాడు. పదిహేను వేల రూపాయల వస్తువు పోయిందన్న దిగులు ఆయన ముఖంలో కనిపించింది.

పిల్ల వచ్చి ఫోన్ అందుకుంది. కాల్ నడుస్తుండగానే స్క్రీన్ చూసింది. స్పీకర్ బొమ్మ ఉండాల్సిన చోట బ్లూటూత్ గుర్తు ఉంది. "నాన్నా, నీ ఫోన్‌కేం కాలేదు. మాట బ్లూటూత్‌లోకి పోతాంది" అంటూ ఆ గుర్తు నొక్కింది. ఫోన్, స్పీకర్, బ్లూటూత్ అని మూడు వచ్చాయి. ఫోన్ అన్నదాన్ని ఎంచుకోగానే కమీషన్ కొట్టు మనిషి గొంతు ఖంగుమంది. ఆయన ధర విన్నాడు. తర్వాత పిల్ల లోపలికి వచ్చి నా బడ్లు రెండూ అతికించింది.

అదే రాత్రి ఆ పిల్ల ఇంకో పని చేసింది. ఎవరో తెలియక "ఫర్గెట్" నొక్కి ఉండటం వల్ల మొండికేస్తున్న తాత ఫోన్ సంగతి చూసింది. తాత ఫోన్ నన్ను మరిచిపోయింది, నేను మాత్రం పాత సంఖ్యనే పట్టుకుని ఉన్నాను. ఒకవైపే మరిచిపోతే కలయిక కుదరదు. అందుకని ఫోన్లలోనూ టీవీలోనూ నా పేరు తీసేసింది. నాతో వచ్చిన కాగితంలో రాసినట్టు బటన్లు నొక్కిపట్టి నా జ్ఞాపకాన్నీ తుడిచేసింది. ఆ తర్వాత ఒక్కొక్కదానికీ కొత్తగా జత చేసింది. ఒక దాన్ని కలిపేటప్పుడు మిగతా వాటిలో బ్లూటూత్ ఆపింది. ఇంత పద్ధతిగా చేస్తే నేను మాట తప్పను.

శివరాత్రికి నన్ను కోటప్పకొండ తీసుకెళ్ళారు. విద్యుత్ దీపాల ప్రభలు, చుట్టూ జనసముద్రం, ప్రతి జేబులో ఫోన్. 79 గళ్ళలో ఖాళీ గడి దొరకడమే కష్టమైంది. పాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. రైతు ఈసారి నన్ను తిట్టలేదు. తీసి జేబులో పెట్టుకుని తిరనాళ్ళ సందడి వింటూ నడిచాడు. కొండ దిగి ఊరి దారి పట్టాక మళ్ళీ వేసుకుంటే నా గొంతు యథాప్రకారం నిండుగా వచ్చింది.

నాలాంటివాళ్ళు ఎన్నో ఇళ్ళలో పాడైపోయారన్న పేరుతో చెత్తలోకి పోతున్నారు. మాలో లిథియం బ్యాటరీ ఉంటుంది. చెత్తతో పాటు కాలిస్తే ప్రమాదం, కాలవలో పడేస్తే నీటికి చేటు. నిజంగా పాడైతే పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. అంతకుముందు మాత్రం నాలుగు పనులు చేయండి. ఛార్జింగ్ ఉందో లేదో చూడండి. ఇంట్లో మిగతా ఫోన్లలో, టీవీలో బ్లూటూత్ ఆపండి. అయినా కలవకపోతే ఫోన్‌లో మా పేరు తీసేసి, మా జ్ఞాపకాన్నీ తుడవండి. లైటు రంగులు మార్చి మార్చి వెలిగేదాకా బటన్ నొక్కి పట్టుకుని కొత్తగా జత చేయండి. ఈ నాలుగూ చేశాక కూడా పలకకపోతే, అప్పుడు పోయిందనండి.