లేజరన్న స్క్రూడ్రైవర్

వినాయకుడి పందిళ్లు లేచే ప్రతి ఊళ్లోనూ ఒక లేజరన్న ఉంటాడు. ఒకప్పుడు సీరియల్ సెట్లు కట్టాడు, తర్వాత డీజే బాక్సులు మోశాడు, ఆపైన షార్పీ లైట్లు తిప్పాడు. ఇప్పుడు అపార్ట్‌మెంటు గోడ మీద ఆకుపచ్చ వినాయకుణ్ణి గీస్తున్నాడు. నల్ల టీషర్టు, నడుముకు పౌచ్, చెవి మీద సన్నటి స్క్రూడ్రైవర్. లేజర్ల గురించి ఆయనకున్న అభిప్రాయాలన్నీ ఆ స్క్రూడ్రైవర్ మొన మీదే ఉంటాయి.

గోడ మీద బొమ్మ వంకరపోతే లేజరన్న ముందు బొమ్మను చూడడు, జనాన్ని చూస్తాడు. ఎంతమంది గమనించారో లెక్కేసుకుని, అప్పుడు ప్రకటిస్తాడు: "ఓల్టేజ్." స్టెబిలైజర్ ముల్లు సరిగ్గానే ఉందని చూపిస్తే, "అయితే ఎర్త్." ఎర్తూ బాగుంటే పక్క పందిరివాళ్ల జనరేటర్. ఎర్త్ తప్పు అసలు ఉండదని కాదు. సిగ్నల్ తీగలోకి 50 హెర్ట్జ్ హమ్ దూరితే గీతంతా సన్నగా వణుకుతుంది. కానీ ఈయన లెక్కలో సున్నా కోడిగుడ్డయినా, చదరం మూలలు అరిగినా, ఆఖరికి పెట్టె తిరగేసి బిగించినందుకు స్వామి తలకిందులైనా, దోషం ఎర్త్‌దే.

నిజానికి ఆ పెట్టెలో బొమ్మంటూ ఏమీ ఉండదు. ఉన్నది ఒక్క చుక్క. గాల్వోలనే రెండు బుల్లి మోటార్లు, వాటి కొసల్లో రెండు అద్దం ముక్కలు. ఒకటి చుక్కను అడ్డంగా ఊపుతుంది, ఇంకోటి నిలువుగా. సెకనుకు 30,000 బిందువుల మీదుగా ఆ చుక్క పరిగెడితే మన కంటికి అది గీత. ఆ వేగాన్నే డబ్బా మీద "30కే" అని లావుగా అచ్చేస్తారు. అది 8 డిగ్రీల కోణానికి చెప్పిన మాటని ఎక్కడో సన్నక్షరాల్లో ఉంటే ఉంటుంది. లావక్షరాలు లేజరన్న చదువుతాడు, సన్నక్షరాలు ఎవరూ చదవరు. అద్దానికీ బరువుంటుంది కదా. ఇంకా దూరం ఊగమంటే అది మూలదాకా వెళ్లకుండానే వెనక్కి తిరుగుతుంది.

ఈ గొడవ కమిటీ ప్రెసిడెంటుకెందుకు?

"అన్నా, ఇంకొంచెం పెద్దగా!"

"ఎంత పెద్దగా సార్?"

"మూడో ఫ్లోరు ఏసీ దాకా."

లేజరన్న సైజు పెంచుతాడు. దంతం మొన అరిగిపోతుంది, ఎలుక ఉండ్రాయవుతుంది. ఇక్కడ స్పీడు తగ్గించాలి. తగ్గిస్తే బొమ్మ మిణుకుమంటుందని ఆయన పెంచుతాడు. దాంతో ఉండ్రాయి కూడా కరిగిపోతుంది.

ఇక తెలుగులో పేరు రాయమన్నారా, అయిపోయిందే. మన అక్షరాల వంపులు స్కానర్‌కు సుఖమే, చిక్కంతా తలకట్లు, ఒత్తులతో. విడిగా ఉన్న ప్రతి గీతకూ కాంతిని ఆర్పి, గెంతి, మళ్లీ వెలిగించాలి. ఆర్పే క్షణం కాస్త అటూ ఇటూ అయితే అక్షరాలకు తోకలు మొలుస్తాయి. లేజరన్న ఆ తోకలకు "కామెట్ ఎఫెక్ట్" అని పేరుపెట్టి విడిగా బిల్లు వేస్తాడు.

అన్ని వాదాలూ అయిపోయాక పెట్టె మూత తీస్తాడు. డ్రైవర్ బోర్డు మీద వరసగా ప్రీసెట్లు, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి మరలు. ఒకటి సైజుకు, ఒకటి గెయిన్‌కు, ఇంకొకటి డ్యాంపింగ్‌కు, అంటే అద్దం ఆగాల్సిన చోటు దాటిపోకుండా పట్టి ఆపడానికి. కొన్నిటి మీద తయారీవాళ్లు రంగు చుక్క పెడతారు, ముట్టుకోవద్దని. లేజరన్నకు మాత్రం అది పెళ్లివారింట్లో తాళం వేసిన గది. ముందు దాన్నే తిప్పుతాడు. డ్యాంపింగ్ తగ్గి మూలల దగ్గర గీత మెలితిరుగుతుంది. గెయిన్ ఎక్కువై స్కానర్ కీచుమంటుంది. "విన్నారా? ఫ్రీ అయింది," అని తలూపుతాడు. తిప్పేముందు ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం వాళ్ల వంశంలో లేదు.

ఆయన దగ్గరుండే కుర్రాడు ఒకసారి ఐఎల్‌డీఏ అనే లేజర్ ప్రదర్శనల సంఘం వాళ్ల పరీక్షా చిత్రం వేశాడు. చదరం, అందులో వలయం. ఆ 8 డిగ్రీల్లో వలయం చదరం అంచులను లోపలినుంచి తాకీతాకనట్టుంటే ట్యూనింగ్ కుదిరినట్టు. లోపలికి ముడుచుకుపోతే స్కానర్ అందుకోలేకపోతున్నట్టు. లేజరన్న గయ్యిమన్నాడు: "జనం వచ్చింది దేవుణ్ణి చూడ్డానికా, జామెట్రీ చూడ్డానికారా?"

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. అద్దాలు రెండూ ఆగిపోతే ఆ కాంతంతా ఒక్క చుక్కలో నిలుస్తుంది. అది కంట్లో పడితే రెటీనా పోతుంది, ఫోన్లో పడితే కెమెరా పోతుంది. పెట్టెను జనం తలలకు బాగా ఎత్తున కట్టాలి, అద్దం ఆగగానే కాంతిని ఆపేసే ఏర్పాటుండాలి అంటే, "మన సరుక్కి అవన్నీ రావు సార్," అంటాడు. ఆయన నూటికి నూరుపాళ్లు నిజం చెప్పేది అప్పుడే.

మొన్నటి చవితికి మా వీధిలో లంబోదరుడు ఉన్నట్టుండి చిక్కిపోయాడు. ఎత్తు ఉన్నంతే ఉంది, వెడల్పు సగం. పొట్ట లేదు, చెవులు చింతాకులు. భక్తులు కంగారుపడ్డారు. ప్రెసిడెంటుగారు పందిట్లోనే చెప్పులు వెతుక్కున్నారు. లేజరన్న మూత తీసి, అడ్డం సైజు ప్రీసెట్‌ను చివరికంటా తిప్పాడు. స్వామి కాస్త ఒళ్లు చేశాడు. అంతా చప్పట్లు కొట్టారు.

ఈలోగా కుర్రాడు కేబుల్ కొస విప్పి చూశాడు. అడ్డం సిగ్నల్‌కు ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, రెండు తీగలుంటాయి. అందులో మైనస్ తీగ 25 పిన్నుల కనెక్టర్ దగ్గర తెగి వేలాడుతోంది. సగం సిగ్నల్, సగం స్వామి. వాడు చప్పుడు చేయకుండా సోల్డర్ పెట్టి మళ్లీ గుచ్చాడు.

పొట్ట గోడ దాటింది.

"లంబోదరుడంటే ఇదీ!" అని ప్రెసిడెంటుగారు లెంపలేసుకున్నారు. "చూశావురా, అంతా ప్రీసెట్లోనే ఉంది," అని లేజరన్న స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకున్నాడు. ఎడమ చెవి సందు అవతలి అపార్ట్‌మెంటు మీద పడింది. చెవి మా గోడ మీదుంది కనక లడ్డూ వేలంలో మాకూ పాట ఉండాల్సిందేనని వాళ్ల సెక్రటరీ అప్పటికే మెట్లు దిగి వస్తున్నాడు.