చెవీ నేనే, నోరూ నేనే

నన్ను అరచేతిలో పెట్టుకుంటే ఉన్నానో లేనో తెలియదు. పది మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం, రెండు వైపులా వెండి పూత, వాటికి అతికిన రెండు సన్న తీగలు. ఇంతే నేను. ఒంట్లో ఉన్నది సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణీ. ల్యాబుల్లో నన్ను పీజెడ్‌టీ బిళ్ల అంటారు. మీ వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కగానే టిక్కుమని నిప్పురవ్వ రాల్చేది మా జాతి వాడే. ఒత్తితే కరెంటు పుట్టించడం, కరెంటు ఇస్తే ఒళ్లు విరుచుకోవడం మా కులవిద్య.

ఈ విద్యలో మొదటి సగాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు బయటపెట్టారు. ఆ పియేరే తర్వాత మేరీ క్యూరీని పెళ్లాడాడు. అతని శిష్యుడు లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధంలో మా స్ఫటిక పూర్వీకుల చేత నీళ్లలో కూతలు పెట్టించి జలాంతర్గాములను వెతికించాడు. అదే రోజుల్లో, 1917లో, ఇంగ్లండులో హోరస్ లాంబ్ కూర్చున్నచోటే కూర్చుని, పలచని పలకలో తరంగం ఎలా పాకుతుందో లెక్కగట్టాడు.  నేను ఈ రోజు అన్నం తింటున్నది ఆ లెక్క మీదే.

నేను పుట్టుకతోనే ఇంతటిదాన్ని కాదు. కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన మంటలో కాల్చాక కూడా ఉత్త పింగాణీ ముక్కనే. తర్వాత వేడి నూనెలో ముంచి వేల వోల్టులు ఎక్కిస్తే, లోపల తలోదిక్కు చూస్తున్న అణువుల గుంపులన్నీ ఒకవైపు తిరిగాయి. అప్పుడు వచ్చింది వినికిడి. మళ్లీ మూడు వందల యాభై డిగ్రీల దాకా కాలిస్తే అంతా మరిచిపోతాను. కాబట్టి నన్ను తీగకు అతికించేవాళ్లు సోల్డరింగ్ ఐరన్‌ను నా మీద ఎక్కువసేపు ఉంచకూడదు.

నన్ను కొన్నది గద్వాలలో నేతకారుల ఇంట పుట్టిన అమ్మాయి. వనపర్తిలో పాఠాలు చెబుతుంది, హైదరాబాదులో గైడు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. కాంపోజిట్ నిర్మాణాల్లో దెబ్బను తొలిదశలోనే కృత్రిమ మేధతో పసిగట్టడం ఆమె అంశం. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు నేనూ దూది చుట్టిన డబ్బాలో, ఆమె బ్యాగులో, బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణ దాటేదాన్ని.

కాంపోజిట్ అంటే ఏమిటో వాళ్ల నాన్నకు ఆమె మగ్గం దగ్గరే చెప్పింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ నేసేటప్పుడే పోగులో పోగు చిక్కించి కలుపుతారు. ఎంత మంచి చీరైనా ముందు ఎక్కడ విడుతుందో నేతగాడికి తెలుసు, నూలూ పట్టూ కలిసిన చోటే. కార్బన్ పోగులను జిగురు రెజిన్‌లో ముంచి, పొర మీద పొర పేర్చి, వేడిలో గట్టిపరిచిన పలకకూ అదే గండం. పోగు తెగదు, పొరకూ పొరకూ మధ్య పట్టు విడుతుంది. ఆయన అంతా విని, "మరి చూసే కన్నుంటే చాలదా?" అన్నాడు. చాలదు. చీరలో విడిన చోటు కంటికి కనపడుతుంది, ఇక్కడ పైపొర నున్నగానే ఉంటుంది.

కిలో బరువును మీటరు ఎత్తు నుంచి వదిలితే దాదాపు పది జౌళ్ల దెబ్బ. సన్నటి కార్బన్ పలక మీద అది పడిన చోట గోటితో తడిమితే తప్ప తెలియని గుంట మిగులుతుంది. లోపల మాత్రం పొరలు విడిపోతాయి, కింది పొర చీలుతుంది. అలాంటి పలకను రెండువైపుల నుంచి నొక్కితే బలం సగం దాకా పడిపోవచ్చు. బోయింగ్ 787 బరువులో సగం, మన తేజస్ యుద్ధవిమానం బరువులో 45 శాతం ఇలాంటి పదార్థాలే. హ్యాంగర్‌లో చేయి జారిన పానా కూడా చిన్న విషయం కాదు.

మరి ఇంత గండమున్న సరుకును ఎందుకు వాడటం అంటారా? తేలిక కాబట్టి. హైదరాబాదులో క్షిపణులకు పనిచేసిన పదార్థంతోనే కలాం గారి బృందం నిమ్స్ ఆసుపత్రి పిల్లలకు కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు చేసిపెట్టింది. మూడు కిలోల ఇనుము మోస్తున్న పిల్లలకు మూడు వందల గ్రాములవి ఇచ్చారు. ఆ పిల్లల తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు చూశానని ఆయన చాలా సభల్లో చెప్పుకున్నారు.

ఇక నా ఉద్యోగం. పలక నాలుగు మూలలా నన్నూ నా తోటివాళ్లనూ అతికించారు. ఒకరు కూత పెడితే మిగతా ముగ్గురూ వినాలి, తర్వాత వంతు మారాలి. మా కూత లక్ష హెర్ట్జ్‌లకు అటూఇటూ ఉంటుంది, మీ చెవికి ఇరవై వేలు దాటితే ఏమీ వినపడదు. పలక దాటడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. దారిలో పొరలు విడిన చోటు తగిలితే తరంగం కొంత చెదురుతుంది, కొంత ఆలస్యమవుతుంది. ఆ తేడా ఎంత సన్నటిదంటే తెరమీద రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడినట్టే ఉంటాయి. అక్కడే కృత్రిమ మేధతో పని పడింది.

దానికి నేర్పాలంటే బోలెడు దెబ్బలు చూపించాలి. నిజం పలకలు ఖరీదు, ఒక్కొక్కటీ ఒక్కసారే పగులుతుంది. అందుకని సగం పలకలను కంప్యూటరులోనే పుట్టించి, అక్కడే దెబ్బకొట్టి, తరంగాలను లెక్కగట్టారు. పొరల పలక ఎలా వంగుతుందో 1984లో సులువైన సిద్ధాంతం ఇచ్చిన జె.ఎన్. రెడ్డి గారు వరంగల్ బిడ్డ, 1968లో ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివినవారు. టెక్సాస్‌లో ఆచార్యులుగా పేరు తెచ్చుకున్నారు. ఆయన పుస్తకం ఆమె బల్ల మీద అట్ట ఊడిపోయి ఉంటుంది.

ఈ రంగంలో కృత్రిమ మేధ మోడళ్లకు వచ్చే కొన్ని మార్కులను నేను నమ్మను. ఒకే పలక మీద తీసిన వేల సిగ్నళ్లను కలగాపులగం చేసి, కొన్నింటితో నేర్పి మిగతావాటితో పరీక్ష పెడితే నూటికి తొంభై తొమ్మిది వస్తాయి. అవి కాపీ మార్కులు. ఆ మోడల్ పలకను గుర్తుపడుతోంది, దెబ్బను కాదు. ఎన్నడూ చూడని పలక ఇచ్చి అడగాలి. ఆమె గైడు మొదటి సమీక్షలోనే ఈ మాట అని, రిజల్ట్స్ చాప్టరు మొత్తం తిరగరాయించాడు. బాగా చేశాడు.

అసలు పరీక్ష పెట్టింది మాత్రం పాలమూరు ఎండ. ఏసీ గదిలో చక్కగా జవాబు చెప్పిన మోడల్, మే నెలలో వనపర్తి కాలేజీ డాబా మీద ఒక్క దెబ్బా తగలని పలకను చూసి దెబ్బ, దెబ్బ అని గోలపెట్టింది. దాని తప్పేం లేదు. ఎండకు నల్ల పలక చేయి పెట్టలేనంత కాలింది, రెజిన్ మెత్తబడింది, తరంగం నెమ్మదించింది, నన్ను పట్టుకున్న జిగురు కూడా సడలింది. చిన్న చీలిక తెచ్చే మార్పు కంటే ఎండ తెచ్చే మార్పే పెద్దది. దాంతో ఆమె పద్ధతి మార్చింది. తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నం దాకా వేడి మారినప్పుడల్లా బాగున్న పలక పలికే తీరును రికార్డు చేసింది. మోడల్‌కు ఆరోగ్యం ఒక్కటే నేర్పింది. ఆ వేడికి తగ్గ ఆరోగ్యంతో పోల్చి, దానికి పొసగనిది కనపడితేనే చెప్పమంది. దెబ్బల జాబితా బట్టీ పట్టించడం కన్నా ఇదే నాకు సబబుగా తోచింది.

నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం దగ్గర ఒక పొలంలో నాకు నిజమైన పని దొరికింది. మహిళా సంఘం మందుకొట్టే డ్రోన్. మోటార్లను మోసే చేతులు కార్బన్ గొట్టాలు, ఒకదానికి నన్ను అతికించారు. వరి మీద తిరుగుతూ గట్టుమీది వేపకొమ్మకు తగిలి బురదలో పడింది.

"ఏం కాలే మేడం, గీత గూడ పడలే" అంది నడిపే అక్క, గొట్టాన్ని కొంగుతో తుడుస్తూ.

"పైన పడదక్కా, లోపల పడ్తది. ఒక్క నిమిషం ఆగుండ్రి."

"ఇంక రెండెకరాలున్నది. రైతు ఎదురుసూస్తుండు."

అక్క తొందర అబద్ధం కాదు. పది లీటర్ల ట్యాంకు నింపిన డ్రోన్ నిలబడితే గంట కూలి పోయినట్టే. అయినా ఆగింది. నేను కూత పెట్టాను, అవతలి చివర నా జోడీ విన్నది. లెక్క హద్దు దాటింది. ఆ చేతిని విప్పి, పెట్టెలో ఉన్న స్పేరు బిగించారు. విప్పినదాన్ని తర్వాత ల్యాబులో అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, అల్యూమినియం క్లాంపు బిగిసిన చోట రెండు పొరల మధ్య నల్లటి సందు కనపడింది.

వినడం నా వంతు, ఆగడం మీ వంతు. 2023 జూన్‌లో ఐదుగురితో అట్లాంటిక్ లోతుల్లో నలిగిపోయిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామికీ కార్బన్ పోగుల పొట్టే, దానికీ నాలాంటి చెవులు పెట్టారు. 2022 జులైలో ఒక మునక తర్వాత పెద్ద చప్పుడు వినపడింది, అప్పటినుంచి పొట్ట మీది కొలతలు మారాయి. విచారణలో అవన్నీ బయటికొచ్చాయి. చెవులు చెప్పాయి, మనుషులు మళ్లీ దిగారు.

2023 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లెక్క. వాటిని నడిపే అక్కలకు నా మనవి ఒక్కటే. కింద పడిన డ్రోన్ చేతిని గీత లేదని వాడకండి. నాలాంటి బిళ్ల పెట్టించే వీలుంటే, కొత్త డ్రోన్‌కు కొబ్బరికాయ కొట్టిన రోజే దాని చేతులు పలికే తీరును రికార్డు చేయించి దాచండి, తర్వాత పోల్చడానికి అదే ఆధారం. బిళ్ల లేకపోతే క్లాంపు పక్కన రూపాయి బిళ్లతో తట్టండి. మిగతా చేతుల కన్నా మొద్దుగా మోగితే వెంటనే మార్చండి. ఖంగుమన్నా పూర్తిగా నమ్మకండి, చిన్న చీలికలు రూపాయి బిళ్లకు దొరకవు.