బేసు బావ

డబ్లిన్ చుట్టుపక్కల పది తెలుగు కుటుంబాలు చేరిన ప్రతి పేటలోనూ బేస్ గిటార్ పిచ్చి పట్టిన ఒక బేసు బావ ఉంటాడు. లూకన్‌లో ఒకాయన, స్వోర్డ్స్‌లో ఒకాయన, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో పక్కపక్క వీధుల్లో ఇద్దరు. ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకాయనది నాలుగు తీగల పక్షం, రెండో ఆయనది ఐదు తీగల పక్షం. ఇళ్లు వేరు, ఉద్యోగాలు వేరు, మనిషి మాత్రం ఒక్కడే. నలభై దాటిన వయసు, సాఫ్ట్‌వేర్ జీతం, అప్పుడప్పుడు పట్టేసే నడుము, ఏడాదికి మూడు కచేరీలు. ఉగాదికొకటి, దసరాకొకటి, దీపావళికొకటి. ఈ మూడు పూటల కోసం మిగతా 362 రోజులూ ఆయన బేస్ గిటార్లూ యాంప్లిఫయర్లూ ఎంచుతూ ఉంటాడు.

గృహప్రవేశానికో సత్యనారాయణ వ్రతానికో పిలిస్తే మగవాళ్లంతా ఇళ్ల ధరలూ స్టాంప్ 4 నివాసానుమతి సంగతులూ మాట్లాడుకుంటుంటారు. ఆయన మూల కుర్చీలో ఫోను మీదికి వంగి ఉంటాడు. పాపం, ఆదివారం కూడా ఆఫీసు గొడవే అని జాలిపడతాం. తొంగి చూస్తే అథ్లోన్‌లో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత యాంప్లిఫయర్ ఫొటో. అదీ వెనకవైపుది. ముందువైపు ఎవరైనా చూస్తారట.

పాట వినే పద్ధతి కూడా వేరు. ‘గీతాంజలి’ సినిమా పాట పెట్టి కళ్లు మూసుకుంటాడు. మనం బాలు గొంతుకి తల ఊపుతుంటే మోచేత్తో పొడుస్తాడు.

“పైన కాదురా, కింద విను.”

“కింద ఏముంది బావా?”

“పాటంతా అక్కడే ఉంది. పైనున్నవి మాటలు.”

కాస్త అతే గాని పూర్తిగా అబద్ధం కాదు. ఇళయరాజా బేస్ గిటార్‌ని తాళానికి కాపలా పెట్టి ఊరుకోలేదు, పాట అడుగున ఇంకో పాట నడిపించాడు. ఆయన దగ్గర బేసు వాయించిన శశిధరన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? రహ్మాన్ పాటలెన్నిటికో బేసు పట్టిన కీత్ పీటర్స్ పేరో? బావకి తెలుసు. తన పెళ్లిరోజు మాత్రం ఫోను గుర్తుచెయ్యాలి. చిన్నప్పుడు తెనాలిలోనో ఖమ్మంలోనో వినాయకచవితి పందిట్లో ఆర్కెస్ట్రా జరుగుతుంటే, ఊరంతా గాయని వంక చూస్తుంటే, ఈయన కీబోర్డు వెనక చీకట్లో నిలబడి ముఖంలో ఏ భావమూ లేకుండా నాలుగు లావుపాటి తీగలు మీటుతున్న మనిషిని చూశాడు. చెడిపోవడం అక్కడ మొదలైంది.

ఇక గిటారు సంగతి. లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్ తెచ్చాడు, 1960లో జాజ్ బేస్. సగం తగాదాలు ఈ రెంటి మధ్యే. ప్రిసిషన్‌కి రెండే నాబ్‌లు, వాల్యూమ్‌కొకటి, టోన్‌కొకటి. చెడగొట్టే అవకాశం తక్కువ. జాజ్‌కి మెడ సన్నం, పికప్‌లు రెండు, నాబ్‌లు మూడు. బుద్ధిమంతుడెవడైనా ఏదో ఒకటి కొనుక్కుని ఇంటికి పోతాడు. బావ ప్రిసిషన్ కొన్నాడు. ఆర్నెల్లకి జాజ్ లేని లోటు తెలిసొచ్చింది. జాజ్ వచ్చాక, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేసు లేకుండా ఇన్నాళ్లూ ఎలా బతికానా అనిపించింది. ఆ తర్వాత ఐదు తీగలది. నాలుగు తీగల బేసులో అడుగు స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఐదో తీగ 31 దాకా దిగుతుంది. ఆ పది హెర్ట్జ్‌ల సందులో మన ఉగాది కచేరీ పాట ఏది ఇరుక్కుందని వాళ్లావిడ అడిగింది. ఇంకా జవాబు రాలేదు.

ఇంటికెవరొచ్చినా జేమ్స్ జేమర్సన్ కథ చెబుతాడు. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలెన్నిటికో బేసు వాయించిన మహానుభావుడు. ఎక్కువగా 1962 నాటి ప్రిసిషన్ ఒక్కటే వాడేవాడు, కుడిచేతి చూపుడువేలొక్కదానితోనే మీటేవాడు, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఈ కథ చెబుతూనే బావ తన బేసుకి కొత్త తీగల సెట్టు ఎక్కిస్తుంటాడు.

ఐర్లండ్‌లో ఉండి వాయిద్యం కొనాలంటే సంగీతం కన్నా ముందు సుంకాలు నేర్చుకోవాలి. బ్రిటన్ నుంచి తెప్పిస్తే 2021 జనవరి నుంచి కస్టమ్స్ కాగితాల గొడవ, 23 శాతం వ్యాట్. అమెరికాలో చవగ్గా దొరికిందని 120 వోల్టుల యాంప్లిఫయర్ తెచ్చి ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ. అందుకని చూపు జర్మనీలోని తోమన్ కొట్టు మీద పడింది. యూరోపియన్ యూనియన్ లోపలే కాబట్టి కస్టమ్స్ లేదు, నచ్చకపోతే 30 రోజుల్లో వాపసు. ఆ 30 రోజుల షరతుని బావ అర్థం చేసుకున్నంత లోతుగా ఇంకెవరూ అర్థం చేసుకోలేదు. దసరాకి సరిగ్గా మూడు వారాల ముందు పెట్టె దిగుతుంది. టేపుని గోటితో ఒలిచి, థర్మకోల్ ముక్కల మీద వరసగా నంబర్లు వేసి దాస్తాడు. పండగ దాటిన వారంలో ఆ ముక్కలన్నీ వాటి వాటి స్థానాల్లోకి పోతాయి.

సెకండ్ హ్యాండ్ సరుకైతే అచ్చం పెళ్లిచూపుల తంతు. నేస్‌లోనో ముల్లింగార్‌లోనో పెట్రోల్ బంకు పక్కన, సన్నటి వానలో, ఐరిష్ పెద్దాయన ఒకరు కారు డిక్కీ తెరిచి చూపిస్తాడు. బావ ఒక కన్ను మూసి మెడ వెంట చూస్తాడు. అది వేషం కాదు లెండి. కర్ర మెడ, తేమ దేశం. లోపలి ఇనపకడ్డీ కాస్త బిగిస్తే సర్దుకునే వంపా, జన్మలో సర్దుకోనిదా అన్నది డబ్బిచ్చే ముందే తేల్చాలి. తేల్చాక, ఇంటికెళ్లి కబురు చేస్తామంటాడు. కారు రౌండెబౌట్ చుట్టి మళ్లీ బంకులోకే వస్తుంది.

అసలు రోగం యాంప్లిఫయర్. 1969లో అంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అని 300 వాట్ల ట్యూబ్ యాంప్లిఫయర్ ఒకటి చేసింది. దాని కింద, పదేసి అంగుళాల స్పీకర్లు ఎనిమిది కూర్చిన కేబినెట్. నాలుగడుగుల ఎత్తు, 60 కిలోల పైమాట. పైన పెట్టే హెడ్ ఇంకో 40 కిలోల దరిదాపు. వాయించేవాళ్లు ఆ కేబినెట్‌ని ముద్దుగా ఫ్రిజ్ అంటారు. రోలింగ్ స్టోన్స్ వాళ్లు పెద్ద పెద్ద అరీనాల్లో వాడిన ఆ సరంజామాని బావ మూడు పడగ్గదుల సెమీ డిటాచ్డ్ ఇంటికి తెచ్చాడు. పక్కింటివాళ్లకీ ఈయనకీ మధ్య ఉన్నది ఒకే గోడ.

“ఏమండీ, ఇది మన ఫ్రిజ్ కన్నా పెద్దదిగా ఉంది. కనీసం ఆవకాయ జాడీలైనా పడతాయా ఇందులో?”

పడవు. బాక్స్ రూములో అది పట్టాక ఇంకేమీ పట్టవు. 90 రోజుల వీసా మీద వచ్చిన అత్తగారికి అదే గది. ఆవిడ దాని మీద జరీ చీరలు ఆరేసింది, మందుల డబ్బా పెట్టుకుంది, దసరాకి ఆయుధపూజ చేసి పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. అల్లుడు దణ్ణం పెట్టుకున్నాడు గాని, బొట్టు మరకతో అమ్మితే ధర ఎంత పడిపోతుందోనని ఆ రాత్రి నిద్రపోలేదు.

పడిపోయిన ధరకే అమ్మి, 3 కిలోలు కూడా లేని 500 వాట్ల క్లాస్ డి హెడ్ కొన్నాడు. చేతిసంచిలో పడుతుంది. కథ ఇక్కడ అయిపోవాలి. కాని ఆ 500 వాట్లు 4 ఓముల లోడ్ పెడితేనే వస్తాయి. 8 ఓముల కేబినెట్ ఒక్కటే పెడితే సగానికి కాస్త అటూ ఇటూ. 8 ఓములవి రెండు సమాంతరంగా కలిపితే 4 అవుతుంది. కాబట్టి రెండో కేబినెట్ దుబారా ఖర్చు కాదు, భౌతికశాస్త్రం. ఈ లెక్కని డైనింగ్ టేబుల్ మీద కాగితం పెట్టి వాళ్లావిడకి వివరించాడు. ఆవిడ డేటా అనలిస్టు. కాగితం తిప్పి ఇంకో లెక్క చూపించింది. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలుగా తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు. “అంటే 5000 వాట్లది కొనాలన్నమాట” అన్నాడాయన, ముఖం వెలిగిపోతూ. ఆవిడ కాగితం తీసి దాచేసింది.

కొత్త కారు కొనడానికి వెళ్లినప్పుడు మైలేజీ అడగలేదు. జేబులోంచి టేపు తీసి డిక్కీ కొలిచాడు.

ఆయన మతానికి పుణ్యక్షేత్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది. గ్రాఫ్టన్ స్ట్రీట్ పక్కన హ్యారీ స్ట్రీట్‌లో ఫిల్ లైనట్ కంచు విగ్రహం. థిన్ లిజ్జీ బృందానికి బేసు వాయిస్తూ పాడిన డబ్లిన్ వీరుడు, 1986లో 36 ఏళ్లకే పోయాడు, విగ్రహం 2005లో పెట్టారు. రాజధాని నడిబొడ్డున ఒక బేసిస్టుకి విగ్రహం పెట్టిన దేశమని, అందుకే పౌరసత్వం తీసుకున్నానని బావ అంటాడు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మోహర్ కొండల కన్నా ముందు అక్కడికే తీసుకెళతాడు. పక్కన నిలబడి ఫొటో దిగి, విగ్రహానికి యాంప్లిఫయర్ పెట్టలేదని ప్రతిసారీ బాధపడతాడు.

కొనుగోళ్లకి ప్రమాణగ్రంథం మాత్రం యూ2 బృందం కథ. 1976లో డబ్లిన్ మౌంట్ టెంపుల్ స్కూల్లో లారీ మల్లెన్ అనే కుర్రాడు బ్యాండు పెడదామని నోటీసు బోర్డులో చీటీ పెట్టాడు. వచ్చినవాళ్లలో ఆడమ్ క్లేటన్‌కి వాయించడం అంతంతమాత్రమే. కాని చేతిలో బేసుంది, యాంప్లిఫయర్ ఉంది. ఇంకేం కావాలి? “చూశావా, ముందు యాంపు, తర్వాతే విద్య” అంటాడు బావ. క్లేటన్ ఆ తర్వాత దశాబ్దాల తరబడి వాయించాడు కదా బావా అంటే, అది రెండో అధ్యాయమంటాడు.

ఇక కచేరీ రోజు. జీఏఏ ఆటల క్లబ్ హాలో, స్కూలు హాలో. మధ్యాహ్నం రెండింటికే రెండు కేబినెట్లు దింపి, తుడిచి, నిలబెడతాడు. నాలుగింటికి ఐరిష్ సౌండాయన వస్తాడు. మర్యాదస్తుడు. కేబినెట్ల వంక ఒకసారి చూసి, సంచిలోంచి అరచేయంత డీఐ బాక్సు తీసి, బేసు వైరు అందులో గుచ్చి, అక్కడినుంచి తిన్నగా తన మిక్సర్‌లోకి పట్టుకుపోతాడు. జనానికి వినిపించేది హాలు స్పీకర్లలోంచి. బావ తెచ్చిన రెండు పెట్టెలూ బావకి వినపడ్డానికి మాత్రమే. కాస్త పెంచగానే సౌండాయన మిక్సర్ దగ్గరినుంచి సైగ చేస్తాడు, తగ్గించమని.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. మన కచేరీల్లో గాయకులు సగంమంది కరోకే ట్రాకు మీద పాడతారు. ఆ ట్రాకులో బేసు ఎప్పుడో చెన్నైలోనే రికార్డయిపోయింది. దాని మీద బావ మళ్లీ వాయిస్తాడు. రెండూ కలిస్తే వినపడేది మేఘగర్జన. సౌండాయన న్యాయంగానే బావ చానెల్ కిందికి లాగేస్తాడు. పైగా 41 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 8 మీటర్ల పైన. గోడల మధ్య అటూ ఇటూ తగిలి హాల్లో ఒకచోట పోగుపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. మన ఖర్మ కొద్దీ పులిహోర కౌంటర్ దగ్గర గరిటెలు గలగలలాడతాయి, మూడో వరసలో కూర్చున్న వాళ్లావిడకి ఏమీ వినపడదు.

ఒక దసరాకి యాక్టివ్ బేసు తెచ్చాడు. ముందు రాత్రి సాధన చేసి వైరు దానికే గుచ్చి వదిలేశాడు. వైరు గుచ్చి ఉన్నంతసేపూ లోపలి బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. రెండో పాట మధ్యలో బేసు మూగబోయింది. జేబులో ఇంకో బ్యాటరీ లేదు. ఇంట్లో ఐదు గిటార్లున్నాయి, బ్యాటరీ లేదు. ఆయన పట్టు వదలకుండా తొమ్మిది పాటలూ చివరిదాకా వాయించాడు, కళ్లు మూసుకుని, తల ఊపుతూ. కిందికి దిగగానే ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. “ఈసారి సౌండ్ చాలా బాగా కుదిరింది బాబూ, ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.”

నవ్వుతాం గాని, ఒక్క మాట ఒప్పుకోవాలి. మొన్న ఉగాదికి పిల్లలు ట్రాకు లేకుండా ఒక పాట ఎత్తుకున్నారు. డ్రమ్స్ కుర్రాడు, కీబోర్డు అమ్మాయి, బావ. పాత ప్రిసిషన్ తగిలించుకుని, రెండు నాబ్‌లూ ముట్టుకోకుండా, పాట ఎటు పోతే అటు అడుగున నడిచాడు. పాడే అమ్మాయి గుక్క తప్పినప్పుడు ఆయన తప్పలేదు. కుర్చీల్లోవాళ్ల పాదాలు కదిలాయి. ఎందుకు కదిలాయో వాళ్లకి తెలియదు. అందరూ గాయనిని మెచ్చుకున్నారు.

మీలో ఎవరికైనా బేసు మొదలుపెట్టాలనుంటే ఆయన్నే అడగండి, కాని చెప్పేది వినకండి, వాయించేటప్పుడు చూడండి. మన హాళ్లకి ఒక ప్రిసిషన్, పన్నెండంగుళాల స్పీకర్ ఒకటున్న చిన్న కాంబో యాంప్లిఫయర్, దానికి వెనక డీఐ అవుట్, ఒక పొడుగాటి వైరు చాలు. కొత్తవి కొనక్కర్లేదు. ఉగాది అయిన మర్నాడు ఫోన్ చెయ్యండి, అప్పటికి ఆయన మనసు ఇంకోదాని మీదికి పోయి ఉంటుంది, మంచి ధరకే ఇస్తాడు. థర్మకోల్ ముక్కలు కూడా నంబర్లతో సహా వస్తాయి.