ద్విపార్శ్వ మత్స్య విజయము

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని లాక్షణికులు తేల్చారు. పురం, సముద్రం, సూర్యోదయం, మంత్రాంగం, దౌత్యం, దండయాత్ర, ఇట్లా. చేపబొమ్మ చేయించుకోవడానికి తిరిగినవాడి కథకు ఇంత అట్టహాసం దేనికని ఎవరైనా అడగొచ్చు. ప్రబంధ పరమేశ్వరుడు ఎర్రన కొలువున్న అద్దంకి మా ఒంగోలుకు నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఆ గాలి సోకినవాళ్ళం, తక్కువలో పోలేం.

నాయకుడు మా బావ. జీవితమంతా పొగాకు బేళ్ళ మధ్య గడిపి, వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి, కొత్తపట్నం సముద్రం మీద పడ్డ ధీరోదాత్తుడు. చేత గాండీవమనదగ్గ గాలపు కర్ర, మెడన తువ్వాలు, అక్షయతూణీరం బదులు పచ్చిరొయ్యల డబ్బా. తెలిసినవాళ్ళ ఫైబర్ బోటులో లోపలికి పోయి గాలం వేస్తే కాసేపటికి తంగూసు బిగిసింది. బావ లాగె. అది లాగె. బోటు ఒరిగె. డబ్బా బోర్లపడె. చివరకు ఆ మత్స్యరాజము నోటినిండా కోరపళ్ళు ఝళిపిస్తూ, మూరకు బెత్తెడు మిక్కిలియై, బల్లపరుపై, మహాకోపముతో పైకి వచ్చెను.

నాలిక చేపల వంశంలో ఇది పెద్ద తల. శాస్త్రంవాళ్ళు దీన్ని సెట్టోడెస్ ఎరుమెయి అంటారు. ఈ వంశం పుట్టుకే ఒక పురాణం. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు అన్ని చేపల్లాగే అటొక కన్ను, ఇటొక కన్ను. పెరిగే కొద్దీ ఒక కన్ను తల మీదుగా ఎక్కి అవతలివైపు కాపురానికి పోతుంది. ఇక చేప కళ్ళులేని వైపు ఇసుకకు ఆన్చి పడుకుంటుంది. పైవైపు మన్నురంగు, కిందివైపు తెలుపు. మిగతా దాయాదుల్లో ఆ కన్ను పూర్తిగా దాటేస్తుంది గాని, మన ఎరుమెయికి మాత్రం నడినెత్తిన గట్టు మీదే ఆగిపోతుంది. కుడికి పోవాలా ఎడమకు పోవాలా అన్నది కూడా ఖాయం లేదు, వంశంలో రెండు పార్టీలవాళ్ళూ ఇంచుమించు సమానంగా ఉంటారు.

బావ చేపను తిరగేసి చూసేసరికి కిందివైపు కూడా మన్నురంగే! అవే మచ్చలు, అదే నిగనిగ. జపాన్ వాళ్ళు హేచరీల్లో పెంచే బల్లపరుపు చేపల్లో ఇట్లా రెండువైపులా రంగు రావడం తెలిసిన సంగతే గాని, సముద్రంలో అరుదు.

ఇంటికి రాగానే మంత్రాంగం. మా అక్క అప్పటికే చింతపండు నానబెట్టింది.

"పులుసా, ఇగురా? ఏదో ఒకటి చెప్పండి. నూరాలి."

బావ కుడిచెయ్యి పైకెత్తాడు. గంగాతనయుడు బ్రహ్మచర్యానికి ఒట్టు పెట్టుకున్నప్పుడు దేవతలు పూలు చల్లారట. ఇక్కడ పంకా గాలికి క్యాలెండరు మాత్రం రెపరెపలాడింది. "దీన్ని గోడెక్కిస్తాను" అన్నాడు. అక్క నావైపు చూసింది. నేను చింతపండు వైపు చూశాను.

గోడెక్కించడం అంత సులువా? పులిచర్మంలో పొట్టు కూరినట్టు చేపలో కూరితే, పల్చటి తోలు ముడుచుకుపోతుంది, నూనె ఊరుతుంది, రంగు వెలిసిపోతుంది. అసలు రాజుల పులులకు ప్రాణం పోసిన మైసూరు వాన్ ఇంగెన్ వాళ్ళే 1999లో కొట్టు కట్టేశారు. వెనకటి పండితులదింకో పద్ధతి. స్వీడన్ లినేయస్ మహాశయుడి చేపలు లండన్‌లో ఇప్పటికీ ఉన్నాయి గాని, చాలావాటికి ఒకవైపు తోలే ఉంటుంది. సగం ఒలిచి, ఎండబెట్టి, ఆకులు అంటించినట్టు కాగితానికి అంటించారు. బావకు ఆ సంగతి చెప్తే "రెండోవైపు ఏం చేశార్రా?" అని అడిగాడు. ఆయన గొడవంతా ఆ రెండోవైపే.

దౌత్యానికి అట్లాంటాలో ఉన్న మేనల్లుణ్ణి పంపాం, అంటే వాట్సాప్‌లో. అమెరికాలో పట్టిన చేపను నీళ్ళలో వదిలేసి, కొలతలూ ఫొటోలూ ఇస్తే చాలు, ఫైబర్ నకలు తయారు చేస్తారు. సిద్ధంగా ఉన్న అచ్చులో పోసి, రంగులేసి, అంగుళానికి ఇంతని కడతారు. దూత తిరిగొచ్చి విన్నవించాడు: "హాలిబట్ ఉందంట మావయ్యా, ఫ్లౌండర్ ఉందంట. మనది లేదంట. హాలిబట్‌కే మన రంగు కొట్టిస్తే ఎవరికి తెలుస్తుందిలే అంటున్నారు."

బావ అవమానంతో భోజనం మానేశాడు. వేరే చేపకు మన రంగు కొట్టించి మనదనుకోవడమేంది! 1803లోనే ప్యాట్రిక్ రసెల్ దొర విశాఖపట్నం చేపలు 200 బొమ్మలు గీయించి, కింద మన తెలుగు పేర్లే వేసి, లండన్‌లో అచ్చేయించాడు. ఇన్నేళ్ళకు కూడా మనవాటికొక అచ్చు లేదు.

అయితే దండయాత్ర తెనాలి మీదికే. ఊరూరా నిలబడ్డ నాయకుల విగ్రహాలు పోసే శిల్పులున్న ఊరది. థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య శయనించి మత్స్యరాజు రైలెక్కాడు. చినగంజాం ఉప్పుకొటార్లు దాటె, వేటపాలెం జీడిపప్పు దాటె, చీరాల, బాపట్ల దాటె. పెట్టె మూలనుంచి నీచునీళ్ళు కారి పక్కాయన చెప్పుల్ని అభిషేకించె. పొన్నూరు వచ్చేసరికి మా చుట్టూ సీట్లన్నీ ఖాళీ.

శిల్పి షెడ్డులో తలల్లేని నేతలు చెయ్యెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య బల్లమీద చేపను పరిచి, ముందు పటికనీళ్ళతో జిగురు కడిగాడు. తర్వాత తడి బంకమట్టిలో సగానికి దిగేసి, చుట్టూ రెక్కల్ని ఈనెపుల్లతో ఒక్కొక్క ముల్లూ విడదీసి పరిచాడు. ఒకవైపు ప్లాస్టరు గట్టిపడ్డాక తిరగేసి రెండోవైపు. ఆ రెండు అచ్చుల్లో మైనం పూసి, రెజిన్ రాసి, ఫైబర్ మ్యాట్ ముక్కలు అద్దాడు. అదంతా చూస్తున్నంతసేపూ బావ నోరు మెదపలేదు. పెళ్ళిపీటల మీద కూడా అంత కుదురుగా లేడు.

రంగుల దగ్గర యుద్ధం మొదలైంది.

"గోడకు ఆనే వైపు రంగెందుకు సార్? వినాయకుడికి వీపున ఎవరన్నా రంగు అడుగుతారా?"

"దీనికి వీపే గొప్పయ్యా!"

"అట్లయితే వీపు బయటికి పెట్టి తగిలించండి."

"అప్పుడు కళ్ళు గోడకుపోతాయి గదా!"

శిల్పి బ్రష్ కింద పెట్టాడు. గంటసేపు వాదన జరిగింది. చివరికి రెండువైపులా రంగు, రెండు రేట్లు అని సంధి కుదిరింది. కళ్ళు తెరవడం మాత్రం దేవుడి విగ్రహానికి చేసినట్టే ఆఖర్న. ఒకటి చెంపన, ఒకటి నెత్తిన.

గోడ పనికిరాదని తేలింది కాబట్టి ఇప్పుడది మా అక్కావాళ్ళ వసారాలో దిష్టి గుమ్మడికాయ కొక్కేనికి వేలాడుతూ గాలికి గిరగిరా తిరుగుతోంది. గుమ్మడికాయ ఎక్కడ కట్టాలన్న విషయం మీద మంత్రాంగం ఇంకా నడుస్తూనే ఉంది. అసలు చేప ఏమైందంటారా? ప్లాస్టరు పూసిన చేపను తినకూడదని శిల్పి చెప్పాడు. నానబెట్టిన చింతపండు మాత్రం అక్క పారేయలేదు, ఆ పూట బెండకాయ పులుసు పెట్టింది.