టేబుల్ ఫ్యాన్ వైద్యం

మార్చి దాటిందంటే చాలు, మన ఊళ్లలో సీపీయూల పక్క డోర్లు విప్పే కార్యక్రమం మొదలవుతుంది. డీటీపీ సెంటర్లు, జిరాక్సు షాపులు, గేములాడే కుర్రాళ్ల గదులు, ఎక్కడైనా విధానం ఒకటే. వెనకాల రెండు స్క్రూలు ఊడదీస్తారు, డోరు లాగి గోడకు ఆనిస్తారు, ఎదురుగా స్టూలు వేసి దాని మీద టేబుల్ ఫ్యాను పెట్టి మూడో నంబరు మీద వదులుతారు. స్క్రూలు ఏ అగ్గిపెట్టెలోకో చేరి ఇక జన్మలో కనిపించవు. ఈ వైద్యానికి ఆధారమేమిటని అడిగితే వచ్చే జవాబు ఎంత సూటిగా ఉంటుందంటే, ఎదురు మాట్లాడబుద్ధి కాదు: ‘గాలి తగిలితే చల్లబడదా?’ నిజమే మరి. ఇంత తేలిక సంగతి ఆ కేబినెట్ తయారుచేసిన ఇంజనీర్లకు తట్టక, అనవసరంగా రేకు ఖర్చుపెట్టి డోరు బిగించారన్నమాట.

వేడి ఉత్తుత్తిదని ఎవరూ అనడం లేదు. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసర్ దాదాపు 15 వాట్లతో సరిపెట్టుకునేది. ఇంటెల్ ఐ9-13900కె పూర్తి జోరు మీదుంటే 253 వాట్ల దాకా లాగుతుంది, అదీ బొటనవేలంత సిలికాన్ ముక్కలోంచి. ఆ వేడి థర్మల్ పేస్ట్ గుండా హీట్‌సింక్‌లోకి ఎక్కుతుంది, హీట్‌సింక్ రేకుల మధ్య నుంచి ఫ్యాను దాన్ని గాలిలోకి తోస్తుంది, ఆ గాలిని వెనక ఫ్యాను బయటికి గెంటుతుంది. ఇందులో ఏ ఫ్యానూ చల్లదనాన్ని పుట్టించదు, ఉన్న వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తుందంతే. ఆ మోతకు దారి కావాలి. ముందు నుంచి వచ్చిన గాలి హార్డ్ డిస్కునీ గ్రాఫిక్స్ కార్డునీ మదర్‌బోర్డునీ ఒరుసుకుంటూ వెనక్కో పైకో పోవాలంటే, ఆ దారికి గోడ ఉండాలి. ఆ గోడే డోరు. డోరు తీసేస్తే వెనక ఫ్యాను పక్కనున్న బొక్కలోంచి దగ్గరి గాలినే లాక్కుని బయట పారేస్తుంది, ముందువైపు మూలల్లో ఉన్నవాటి వంతుకు గాలే రాదు. వంటింటి పొగగొట్టం పీకేసి, పొయ్యి ముందు కూర్చుని విసనకర్రతో పొగను తరిమినట్టుంటుంది వ్యవహారం.

‘డోరు తీశాక పది డిగ్రీలు తగ్గింది, కళ్లారా చూశాం’ అంటారు. తగ్గే ఉంటుంది. చాలా కేబినెట్లలో తగ్గుతుంది కూడా. అయితే అది వైద్యం ఫలించిందనడానికి రుజువు కాదు, రోగం ఎక్కడుందో చెప్పే పరీక్ష. డోరు తీయగానే అంత తేడా వచ్చిందంటే ముందు నుంచి గాలి లోపలికి రావడం లేదని అర్థం. ఎలా వస్తుంది? కేబినెట్‌కు ముందు అద్దం, అద్దం వెనక రంగురంగుల లైట్లు తిరిగే మూడు ఫ్యాన్లు, ఆ ఫ్యాన్లు పీల్చుకోవడానికి అంచున సన్నటి సందు. లేదంటే కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ కోసమని చేయించిన చెక్క అర, దానికి తలుపు. ఇంకా ముచ్చటైతే పైన కుచ్చుల కవరు. ఇన్ని విధాల ఊపిరి బిగించినవాళ్లే తర్వాత టేబుల్ ఫ్యాను తెచ్చి ప్రాణదానం చేస్తున్నారు.

ఆ దానంలో గాలితో పాటు అందేది దుమ్ము. మన వీధి దుమ్ము, అగరొత్తుల పొగ, తిరగమోత వేసినప్పుడు లేచే నూనె ఆవిరి, మూడూ కలిసి హీట్‌సింక్ రేకుల మధ్య బూడిద రంగు పొరగా మందంగా పేరుకుంటాయి. గోటితో గీకితే ఉండలు ఉండలుగా లేచి వస్తుంది. ఆ పొర నిండా ఉండేది కదలని గాలే. కదలని గాలి కంటే రాగి సుమారు 15,000 రెట్లు బాగా వేడిని మోస్తుంది. అంటే డబ్బు పోసి కొన్న రాగికీ బయటి గాలికీ మధ్య, ఉచితంగా దొరికిన దుమ్ముతో అడ్డుగోడ కట్టుకుంటున్నామన్నమాట. ముందున్న జాలీ ఈ దుమ్మును కొంతైనా ఆపేది, డోరు తెరిచాక ఆపేవాళ్లు లేరు. వెచ్చదనానికి ఆశపడి వచ్చే బల్లుల సంగతి సరేసరి. బల్లి శాస్త్రంలో తల మీద, భుజం మీద పడితే ఫలితాలున్నాయి గానీ మదర్‌బోర్డు మీద పడితే ఏమిటన్నది పంచాంగకర్తలు ఇంకా చేర్చలేదు.

‘ఏళ్ల తరబడి ఇలాగే వాడుతున్నాం, ఏమీ కాలేదు’ అనేది తర్వాతి వాదన. ఏమీ కాకపోవడం ప్రాసెసర్ మంచితనం. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్లు కంప్యూటర్లు నడుస్తుండగానే హీట్‌సింక్‌లు పీకేసి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్లు కాలిపోయాయి, పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. ఈనాటి ప్రాసెసర్లన్నిటికీ ఆ తెలివి ఉంది. 95, 100 డిగ్రీల దగ్గర తమను తామే నెమ్మది చేసుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే మెషీన్ ఆగిపోతుంది. కాబట్టి వేడికి మనం చెల్లించే మూల్యం మంట రూపంలో కాదు, మందకొడితనం రూపంలో ఉంటుంది. కానీ ‘సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది’ అనగానే మొదట వైరస్ మీద అనుమానం, తర్వాత ఫార్మాట్, తర్వాత ర్యామ్ పెంచడం, చివరికి కొత్త సిస్టమ్. ఎస్ఎంపీఎస్ జాలీకి అరంగుళం దుమ్ము పట్టి ఉన్న సంగతి ఈ మొత్తం చికిత్సలో ఒక్కరి నోటా రాదు.

కాస్త డబ్బున్నవాళ్లది ఏసీ వాదం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఉండేవాళ్లకు ఏసీ మీద ఆశ ఉండటంలో తప్పేమీ లేదు, అది మనుషులకు అవసరమే. కంప్యూటర్ పేరు చెప్పి వేయించుకోవడమే నవ్వు తెప్పిస్తుంది. 1946లో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటర్‌లో 18,000 దాకా వాక్యూమ్ ట్యూబులు, 150 కిలోవాట్ల వాడకం. దానికి చల్లబరిచే ఏర్పాట్లు కావాలంటే అర్థముంది. బల్ల కింది డబ్బా లెక్క వేరు. ఫ్యాను వేగం, చేసే పని మారకుండా ఉంటే గది 34 నుంచి 44 డిగ్రీలకు పోయినప్పుడు ప్రాసెసర్ కూడా దాదాపు ఆ పదే పెరుగుతుంది. 70 దగ్గర ఉండేది 80కి వస్తుంది, హద్దుకు ఇంకా దూరమే. డేటా సెంటర్లకు సైతం ఏసీ ఇంజనీర్ల సంఘం యాష్రే సిఫారసు చేసేది 18 నుంచి 27 డిగ్రీలు. చెక్క అరలో, తలుపు వెనక బిగించిన సీపీయూకు గదిలో ఏసీ 16 మీద నడుస్తోందని ఎవరు చెప్పాలి? అది తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీలుస్తూ ఉంటుంది.

చేయాల్సిన పని ఇంతకంటే చవక, అందుకే కాబోలు ఎవరికీ రుచించదు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, సీపీయూను ఆరుబయటికి తెచ్చి, మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో దుమ్ము దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి, ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లదనం రాదు. ముందు ఫ్యాన్లు లోపలికీ వెనక ఫ్యాను బయటికీ వీస్తున్నాయో లేదో ఒక కాగితం ముక్క పెట్టి చూడాలి. రెండూ లోపలికే వీస్తున్న కేబినెట్లకు మన దగ్గర కొదవలేదు. అప్పుడు డోరు బిగించి, పూర్తి పని పెట్టి, వేడి ఎంతో చూడాలి. డోరు తీసి మళ్లీ చూడాలి. తేడా అప్పటికీ పది డిగ్రీలే ఉంటే మార్చాల్సింది ముందు అద్దం ఉన్న ఆ కేబినెట్‌ను. జాలీ ముఖమున్నవి అంతకంటే తక్కువకే దొరుకుతాయి, లైట్లు మాత్రం కాస్త తక్కువ కనిపిస్తాయి.