“షట్టరు ముట్టకు”: సటీకాతాత్పర్యము

మూలము: “ఒరేయ్, ఎండలోకొస్తున్నారు, షట్టరు ముట్టకు, ఎన్‌.డి. తిప్పు, మధుపర్కాలు కాలిపోతాయ్‌.”

అవతారిక: కొలచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు సంజీవనిని ప్రసాదించెనే గాని పెండ్లి వీడియోగ్రాఫరుల వాక్కుల నుపేక్షించెను గనుక, ఆ కొఱత తీర్చుటకై, పెంటపాటిలో పట్టపగటి ముహూర్తమున వధూవరులు అరుంధతీదర్శనార్థము పందిరి దాటుచుండగా గురువు శిష్యునకు గావించిన యుపదేశమును వ్యాఖ్యానించుచున్నాము. మిట్టమధ్యాహ్నమున నక్షత్రము కనబడునా యను శంక ప్రకృతమున కనవసరము, పురోహితుడే యడుగలేదు.

టీక: ఒరేయ్ = ఓ ప్రియశిష్యుడా; ఎండలోకొస్తున్నారు = దంపతులు (అని అధ్యాహారము) ఆతపమును ప్రవేశించుచున్నారు; షట్టరు = 1/50 వద్ద నిలిపినదానిని; ముట్టకు = స్పృశింపకుము; ఎన్‌.డి. = రంగు మార్చక వెలుగును మాత్రము తగ్గించు గాజును; తిప్పు = నల్లబడువైపునకు ద్రిప్పుము; మధుపర్కాలు = ఎఱ్ఱంచు తెల్లబట్టలు; కాలిపోతాయ్‌ = అగ్నిచేత గాదు, వెలుగుచేత, నేతపోగైన నగపడని తెల్లమచ్చలగునని భావము. అట్లు కాలిన తెలుపు ఎడిటింగులో నెంత పొర్లినను మరలి రాదు.

తాత్పర్యము: “ఎండ యెక్కువైనచో షట్టరును 1/2000కు పెంచరాదా, గాజేల?” యని పూర్వపక్షము. రాదు. సెకనునకు 25 ఫ్రేములు తీయునపుడు ఒక్కొక్క ఫ్రేము 1/50 సెకను తెరచియుండిననే కదలిక ఒకదానిలో నొకటి కలసి ప్రవహించును; అంతకంటె మిక్కిలి త్వరపెట్టినచో అరుంధతిని జూపు పురోహితుని చేయి బొమ్మలాటలోవలె నెగిరెగిరి పడును. మన విద్యుత్తు 50 ఆవృత్తులదగుటచే పందిరిలోని ట్యూబులైట్లు మిణుకుమనకుండుటకును ఆ 1/50యే శరణ్యము. “అపర్చరును మూయుదము” అందురేని, ఐ.ఎస్‌.ఓ. 100 వద్ద నిండుటెండకు 22 వఱకు మూయవలసివచ్చి, వెనుక నిలిచిన షామియానా, వంటపాత్రలు, బంధువర్గము సమస్తమును వధువు ముఖముతో సమానస్పష్టతను బొందును. కావున అపర్చరు 2.8నే యుంచి, అధికమైన ఆరు స్టాపుల వెలుగును కెమెరా వెలుపలనే యాపవలెను. స్టాపునకు రెట్టింపు చొప్పున ఆరు మార్లు హెచ్చించిన 64 గనుక, తిప్పుటకు వీలులేని విడిగాజైనచో ఎన్‌.డి. 64 బిగింపవలెను. ఎంత తిప్పవలెననగా, కెమెరాతెరలో వరుని బట్టపై అతివెలుగును సూచించు జీబ్రాగీతలు మాయమగునంతవఱకు.

విశేషము: తిరుగు ఎన్‌.డి. యనగా రెండు పోలరైజరుల జంట. వైడు లెన్సుతో హద్దుమీఱి త్రిప్పినచో నాకాశమున ఇంటూగుర్తువంటి నల్లనీడ పొడసూపును. ఆ జంట నీటి తళుకునుగూడ హరింపగలదు గనుక, ఆటపాకలో కొల్లేటిపై పడవ తీయువారికి విడిగాజే మేలని మా మతము. పెండ్లిలో మాత్రము గాజులు మార్చునంతవఱకు అరుంధతి యాగినను దంపతు లాగరు.

పాఠాంతరము: దంపతులు పందిరిలోనికి మరలునపుడు “వెనక్కి తిప్పు” అని చదువవలెను.